కమిషనర్ పానకాలరావుకి ఏమీ కాలేదు

విశ్వేశ్వరరావు గారు ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, చచ్చిపోతారు.

ఇది నేను ఆయన మీద కోపంతో అంటున్న మాట కాదు. ఆయన అలవాటు అది. కొందరు భోజనం కాగానే కునుకు తీస్తారు, కొందరు వక్కపొడి నములుతారు. ఈయన ఇటాలియన్ పోలీసు సినిమా ఒకటి పెట్టుకుని, అందులో ఎంతమంది చస్తే అంతమందితోనూ కలిసి చస్తారు. డెబ్బైల నాటి సినిమాలవి. మీసాల పోలీసు అధికారి ఒకడు తోలు కోటు వేసుకుని, చట్టం సంగతి తర్వాత, ముందు వీడి చెంప సంగతి చూద్దాం అన్నట్టు ఊరంతా తిరుగుతుంటాడు. రావు గారు టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి, ఆ సినిమా మొత్తానికి తనొక్కరే తెలుగులో డబ్బింగ్ చెబుతారు. హీరో ఆయనే, విలనూ ఆయనే, మలుపు తిరిగే కారు టైర్ల కీచుధ్వని కూడా ఆయనే.

ఈ చలిదేశంలో వాన్ అనే ఊళ్ళో, వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. ఒక ఆదివారం పైనుంచి "అమ్మా... పొడిచేశారే అమ్మా..." అని మగగొంతు వినపడితే, చేతిలో ఉన్న అన్నం గిన్నెతో సహా మెట్లెక్కి పరిగెత్తాను. హాల్లో సోఫా మీద రావు గారు రెండు చేతులా పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నారు. పక్కనే ఆయన భార్య చంద్రకళ ఆంటీ వేయించిన శనగలు తింటూ కూర్చుంది.

"ఆంటీ! అంకుల్‌కి ఏమైంది?"

"పోతున్నారు," అంది ఆంటీ, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "కూచో శంకర్. ఇంకా టైముంది. ఈయన అంత తొందరగా పోరు."

నిజంగానే పోలేదు. తెరమీద కత్తిపోటు తిన్నవాడు ఎప్పుడో పోయాడు, వాణ్ణి గుడ్డ కప్పి తీసుకెళ్ళిపోయారు కూడా. రావు గారు మాత్రం ఇంకా చెల్లెలి పెళ్ళి గురించి అప్పగింతలు పెడుతూనే ఉన్నారు.

అందుకు కారణం ఉంది. రావు గారిది తెనాలి దగ్గర పల్లెటూరు. వయసులో ఉండగా మద్రాసు వెళ్ళి డబ్బింగ్ థియేటర్లలో పనిచేశారు. హీరోకి ఒకరు, విలన్‌కి ఒకరు గొంతు ఇచ్చేవారట. కాల్పుల్లో టపటపా రాలిపోయే మిగతా జనానికంతటికీ కలిపి ఒకే గొంతు, అది ఈయనది. కోడంబాకంలో ఏ మూల ఎవడు చస్తున్నా ఈయనకి కబురొచ్చేది. ఆ విద్యలో ఆయనకున్న పట్టింపులు సంగీత విద్వాంసులకి కూడా ఉండవు.

"గుండెకి తగిలినవాడు మాట్లాడకూడదయ్యా," అనేవారు నాతో. "కడుపుకి తగిలినవాడు అమ్మని తలుచుకోవాలి. వీపులో తగిలినవాడు ముందు ఆశ్చర్యపోవాలి, ఆ తర్వాతే బాధపడాలి. ఈ మాత్రం తెలీకుండా చచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుకొస్తుంది."

ఆంటీకి ఇక్కడ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన ఆ విద్యని మూటగట్టుకుని వెంట వచ్చేశారు. పక్క ఊరు మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు దగ్గర గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపారు. మధ్యమధ్య గొంతు తుప్పు పట్టకుండా ఓ మూలుగు మూలిగితే, సూపర్‌వైజరు ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడట. ఆ సూపర్‌వైజరు రిటైరయ్యేదాకా ఈయన గుండె బలహీనమని నమ్మి బరువులు ఎత్తనివ్వలేదు.

చచ్చే అవకాశం మళ్ళీ ఇచ్చింది పక్కింటి డోనాటో గారు. ఆయన ఇటలీ నుంచి వయసులో వచ్చి, ఊరంతా ఇళ్ళకి టైల్స్ పరిచి, మోకాళ్ళు అరిగాక మానేసిన పెద్దమనిషి. భార్య పోయింది. గ్యారేజీలో ద్రాక్షసారా కాస్తాడు, పెరట్లో టొమాటోలు పండిస్తాడు. ఆయనకున్న ఆస్తల్లా ఒక పాత వీసీఆర్, ఒక అల్మారా నిండా పోలీసు సినిమాల వీడియో క్యాసెట్లు. ఒక చలికాలం ఇద్దరూ తమ తమ వాకిళ్ళలో మంచు ఎత్తిపోస్తూ, ఒకరి మంచు ఇంకొకరి వైపు వేస్తున్నారని పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటలోనే స్నేహం కుదిరింది. ఇద్దరూ మాట్లాడేది ఇంగ్లీషే, కానీ ఒకరి ఇంగ్లీషు ఇంకొకరిది కాదు. వాళ్ళ మాటలు నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

డోనాటో గారు మొదటిసారి సినిమా వేసినప్పుడు రావు గారికి ఒక్క ముక్క అర్థం కాలేదట. కానీ ఒక దొంగ మేడ మీంచి పడుతూ అరిచిన అరుపు విని ఆయన లేచి నిలబడ్డారు.

"ఇదేం చావండీ? పడేటప్పుడు ఒకలా అరుస్తారు, పడ్డాక ఇంకోలా అరుస్తారు. వీడు రెండూ కలిపేశాడు."

"నువ్వు చేసి చూపించు," అన్నారు డోనాటో గారు.

రావు గారు చేసి చూపించారు. డోనాటో గారు లేచి టీవీ గొంతు నొక్కేసి, "మొదట్నుంచి కానీ," అన్నారట. ఆ సినిమాలు తీసిన రోజుల్లో వాళ్ళ దేశంలోనూ గొంతులన్నీ తర్వాతే కలిపేవారని ఆయన చెబితే, రావు గారికి కళ్ళు చెమర్చాయి. "అక్కడా నాలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు," అనేవారు. తెలుగుని తూర్పుదేశపు ఇటాలియన్ అన్న దొర మీద ఆయనకి మహా గౌరవం. రెండు భాషల్లోనూ మాట చివర నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి, ఎవడి నోట్లో ఏ మాట పెట్టినా పట్టేస్తుందని ఆయన సిద్ధాంతం.

ఏ సినిమా అయినా, ఏ నటుడైనా, ఆయన డబ్బింగులో హీరో పేరు ఒక్కటే. కమిషనర్ పానకాలరావు.

"ఎవరు అంకుల్ ఈ పానకాలరావు?" అని అడిగాను.

"మా ఊళ్ళో హెడ్ కానిస్టేబులు. సర్వీసు మొత్తంలో ఎవర్నీ కొట్టి ఎరగడు. దొంగని పట్టుకుంటే వాడికి ముందు మజ్జిగ ఇచ్చేవాడు. పాపం, ఆయనకీ ఓ అవకాశం ఇద్దామని."

అలా పానకాలరావు రోమ్‌లోనూ మిలాన్‌లోనూ నేపుల్స్‌లోనూ కార్లు గుద్ది, పళ్ళబండ్లు తిరగేసి, బ్యాంకు దొంగల్ని చితక్కొట్టేవాడు. పై అధికారి బల్ల గుద్ది, "పానకాలరావ్! చట్టాన్ని నీ చేతుల్లోకి తీసుకోకు!" అనేవాడు. పానకాలరావు మీసం తిప్పి, "మీ చేతుల్లో అది నిద్రపోతోంది సార్!" అనేవాడు. బేస్‌మెంట్‌లో నాతో పాటు ఉండే ప్రణీత్ ఈ డైలాగుకి ఈల వేసేవాడు. వాడు కాలేజీకి వెళ్తూ పిజ్జా షాపులో పార్ట్‌టైమ్ చేస్తాడు. ఆదివారం షిఫ్టు మాత్రం ఎవరిచ్చినా తీసుకునేవాడు కాదు.

ఆడగొంతుల దగ్గర రావు గారికి చిన్న ఇబ్బంది ఉండేది. అందుకని ఆంటీ వంటింట్లో బజ్జీలు వేస్తూనే సాయం చేసేది.

"చంద్రా, కేక!" అని ఈయన పిలిచేవారు.

"ఎవరు పోయారూ?"

"ఎవరూ పోలేదు. బ్యాంకులో దొంగలు పడ్డారు."

ఆంటీ బాండీలో గరిటె తిప్పుతూనే, వెన్ను జలదరించేలా ఒక కేక పెట్టి, మళ్ళీ పిండి కలుపుకునేది.

ఒకసారి ఆ కేక వీధిలో ఎవరికో వినిపించి పోలీసులకి ఫోన్ చేశారు. తలుపు తీస్తే నిలువెత్తు పోలీసాయన నిలబడి ఉన్నాడు. లోపల టీవీలో పానకాలరావు ఎవణ్ణో గోడకేసి కొడుతున్నాడు. వచ్చినాయన మాత్రం ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమన్నాడు, బూట్లు విప్పి గుమ్మం పక్కన ఒద్దికగా పెట్టాడు, ఆంటీ ఇచ్చిన బజ్జీ రెండు చేతులతో అందుకున్నాడు. అంతా బాగానే ఉందా అని అందరినీ అడిగి, మరోసారి క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు. రావు గారికి ఆ రోజంతా మనసు మనసులో లేదు.

"పోలీసు బూట్లు విప్పి లోపలికి రావడమేవిటయ్యా! తలుపు తన్నలేదు సరే, కనీసం గట్టిగా కూడా కొట్టలేదు."

"మీరు మాత్రం ఎవర్ని తన్నారు?" అంది ఆంటీ. అదీ నిజమే. టీవీ ఆపేస్తే రావు గారంత సాధువు లేరు. హైవే మీద అందరికీ దారి ఇచ్చి ఇచ్చి, వాన్‌లో మారాలనుకున్న లేన్ మిస్సిసాగాలో మారేవారు.

ఆయనకి తన చావులన్నింటిలోకీ పానకాలరావు చావంటే ప్రాణం. ఆ సినిమాల ధర్మం ఏమిటంటే, దొంగలందరినీ పట్టుకున్నాక చివర్లో హీరోని ఎవడో వెనకనుంచి కాల్చేస్తాడు. కోర్టు మెట్ల మీదో, రైల్వే స్టేషన్లోనో, మీసాలాయన అలా కూలిపోగానే సినిమా అయిపోతుంది. అక్కడ రావు గారు విజృంభించేవారు. తెర మీద పేర్లన్నీ పడిపోయి, క్యాసెట్టు అయిపోయి, టీవీ నీలంగా మారిపోయినా పానకాలరావు ఇంకా దేశానికి సందేశం ఇస్తూనే ఉండేవాడు. తెలుగు ముక్క రాని డోనాటో గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని వినేవారు.

అలా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతున్న చావులు, జనవరిలో వర్ష వచ్చాక ఆగిపోయాయి.

వర్ష జగిత్యాల పిల్ల. కాలేజీలో చేరి, పైన ఉన్న చిన్నగది అద్దెకు తీసుకుంది. మాట తక్కువ, పని ఎక్కువ. మొదటి ఆదివారం అందరితో పాటు వచ్చి కార్పెట్ మీద కూర్చుంది. సినిమా చివర్లో పానకాలరావుకి తూటా తగిలింది, రావు గారు ఎప్పటిలాగే అందుకున్నారు. కాసేపటికి ఆ పిల్ల లేచి వంటింట్లోకి వెళ్ళింది. సినిమాలు పడవేమో అనుకున్నాం.

ఆ మరుసటి ఆదివారం పానకాలరావుని కోర్టు మెట్ల మీద కాల్చారు. మేమంతా సర్దుకుని కూర్చున్నాం. రావు గారు గొంతు సవరించుకుని, "అబ్బే, ఏం లేదు. లోపల బనీను మందంగా ఉంది," అన్నారు.

ప్రణీత్ నా వైపు చూశాడు. తెర మీద పానకాలరావు గుడ్లు తేలేసి, మెట్ల మీద తలకిందులుగా పడి ఉన్నాడు.

"కాలు జారింది," అన్నారు రావు గారు గంభీరంగా. "పాలరాయి మెట్లు కదా. కాస్త కూర్చుని లేస్తాడు."

అప్పటినుంచి ఆ ఇంట్లో చావు లేదు. బ్యాంకులో కాల్పులు జరిగితే కిందపడ్డవాళ్ళందరికీ కళ్ళు తిరిగాయి, ఎవరూ టిఫిన్ చేసి రాలేదు. బాంబు పేలి కారు ఎగిరిపోతే, అందులో ఉన్నాయన అంతకుముందే కాఫీకి దిగాడు. ఒక సినిమాలో నల్లబట్టలు కట్టుకున్న జనం పెట్టె మోసుకుంటూ వెళ్తుంటే, రావు గారు "హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నారు" అన్నారు.

"పెట్టెలోనా అంకుల్?" అన్నాడు ప్రణీత్.

"ఇటలీలో చలెక్కువ. గాలి తగలకుండా."

"మరి వెనకాల నడిచే ఆమె ఎందుకు ఏడుస్తుంది?"

"ఆయనకి ట్రాన్స్‌ఫరైంది. పోస్టింగ్ మంచిదే, కానీ బాగా దూరం."

కార్పెట్ మీద వర్ష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. నాకు మాత్రం రావు గారి మతి మీద అనుమానం మొదలైంది. వేటగాడు ముసలివాడై జింకలకి గడ్డి వేస్తున్నట్టుంది ఆయన వాలకం.

డోనాటో గారికి తెలుగు రాకపోయినా రావు గారి మూలుగు కంఠతా వచ్చు. అది వినపడాల్సిన చోట వినపడకపోయేసరికి ఆయన కొన్ని వారాలు ఓర్చుకున్నారు. చివరికి ప్రణీత్‌ని పట్టుకుని, ఇతను ఏమంటున్నాడో చెప్పమన్నారు. వాడు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాడు. బనీను సంగతి, ట్రాన్స్‌ఫర్ సంగతి, అన్నీ.

డోనాటో గారి ముఖం ఆయన టొమాటోల్లా అయింది.

"బనీనా? బనీనా! అతను చచ్చిపోయాడు!"

"ఏం కాలేదండీ," అన్నారు రావు గారు.

"నలుగురు కలిసి కాల్చారు!"

"గురి సరిగ్గా లేదు."

"రావు, విను," అన్నారు డోనాటో గారు, గొంతు తగ్గించి. "ఈ సినిమాలు ఇలా ఎందుకు ముగుస్తాయో తెలుసా? ఆ రోజుల్లో మా దగ్గర నిజంగానే అలా ఉండేది. బాంబులు, కిడ్నాపులు, పొద్దున్నే రోడ్డు మీద గుడ్డ కప్పిన మనుషులు. నేను ఆ ఏళ్ళలోనే ఊరు వదిలి వచ్చాను. చచ్చినవాణ్ణి చచ్చాడని చెప్పాలి. అది వాడికి మనమిచ్చే మర్యాద."

ఈ మాటకి రావు గారు తల దించుకున్నారు. అయినా, "మా పానకాలరావు చావడు," అన్నారు.

డోనాటో గారు తను తెచ్చిపెట్టిన వీసీఆర్ వైరు పీకి, దాన్ని చంకలో పెట్టుకుని, క్యాసెట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర ఆగి, "అతన్ని మర్యాదగా చంపుతానంటే తీసుకొస్తాను," అన్నారు.

ఆ తర్వాత ఆదివారాలు బోసిపోయాయి. రావు గారు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, ఖాళీ టీవీ ముందు కూర్చునేవారు. పక్కింటాయన మంచు ఎత్తిపోస్తుంటే ఈయన కర్టెన్ సందులోంచి చూసేవారు. ఈయన ఎత్తిపోస్తుంటే ఆయన చూసేవాడు. కోపం వచ్చినప్పటినుంచీ ఎవరి మంచు వాళ్ళ వైపే వేసుకుంటున్నారు, అంత దూరం వెళ్ళిపోయింది వ్యవహారం.

"అన్నం సయించడం లేదు శంకర్," అంది ఆంటీ నాతో. "చావక ఎన్ని వారాలైందో చూడు. ఇలాగైతే ఈ మనిషి ఎన్నాళ్ళు బతుకుతారు?"

నేనూ ఉండబట్టలేక, ఒక శనివారం ఆయనతో పాటు సరుకులకి వెళ్ళినప్పుడు కారులో అడిగేశాను. "అంకుల్, ఒక్కసారి చంపేస్తే మీ సొమ్మేం పోతుంది? ఆయనా వస్తడు, క్యాసెట్లూ వస్తయ్."

ఆయన ఇండికేటర్ వేసి, ఎవరికో దారి ఇచ్చి, ఇంకెవరికో కూడా దారి ఇచ్చి, అప్పుడు చెప్పారు.

"వర్ష వాళ్ళ నాన్న ఎస్సై. చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపబోతే ఆగలేదు. డ్యూటీలోనే పోయాడు. వాళ్ళమ్మ ఫోన్లో మీ ఆంటీకి చెప్పిందిట, అప్పటికి నాకు తెలీదు. మొదటి ఆదివారం నేను విజృంభించి చస్తుంటే, ఆ పిల్ల వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోందిట. మీ ఆంటీ చూసి, ఆ సాయంత్రం నాతో చెప్పింది."

"ఈ మాట డోనాటో గారితో చెప్తే అయిపోతది కదా అంకుల్?" అన్నాను.

"ఎలా చెప్తానయ్యా? అది ఆ పిల్ల దుఃఖం. నా సినిమాల కోసం పక్కింటివాళ్ళకి పంచిపెట్టడానికి నాదా అది? నువ్వూ నోరు మూసుకో."

"మరి సినిమా మానేస్తే?"

"మానేద్దామనే అనుకున్నా. రెండో వారం తనే వచ్చి, 'అంకుల్, ఈరోజు ఏం సినిమా' అని అడిగి కార్పెట్ మీద కూచుంది. అదొక్కటే కదా ఆ పిల్ల గది దాటి బయటికొచ్చే పూట. ఎలా మానేస్తాం?"

సరుకుల కొట్టు దాటిపోయి చాలాసేపైంది. ఇద్దరమూ గమనించలేదు.

చివరికి రాజీ కుదిర్చింది ఆంటీయే. డోనాటో గారికి గుత్తి వంకాయ కూర పట్టుకెళ్ళి, ఆదివారం రాకపోతే ఇంకెప్పుడూ చేయనని చెప్పి వచ్చింది. ఆయన వచ్చారు. వీసీఆర్ తెచ్చారు. సంచీలోంచి ఏరి ఏరి ఒకే క్యాసెట్టు తీశారు. పానకాలరావు రైల్వే స్టేషన్లో చచ్చే సినిమా అది. ఆయనకి అన్నిటిలోకీ ఇష్టమైనది. చేతులు కట్టుకుని కూర్చుని, "చూద్దాం," అన్నారు.

రావు గారు డబ్బింగు చెప్పారు గానీ ఆ గొంతులో జీవం లేదు. చెంపదెబ్బలు కూడా మెత్తగా పడ్డాయి. వర్ష తన చోటులో మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. సినిమా చివరికి వచ్చింది. స్టేషన్లో జనం మధ్య ఎవడో కోటు జేబులోంచే కాల్చాడు. పానకాలరావు రెండడుగులు వేసి, బెంచీ పట్టుకోబోయి, వెల్లకిలా పడిపోయాడు.

అందరం రావు గారి వైపు చూశాం.

"ఏం లేదు..." అని మొదలుపెట్టారు ఆయన. "రైలు చప్పుడికి కాస్త..."

డోనాటో గారు లేచి నిలబడ్డారు. "చచ్చాడు! రావు, నా మీద నీకేమాత్రం గౌరవం ఉన్నా..."

"అంకుల్," అంది వర్ష.

మామూలు గొంతుతోనే అంది. కానీ ఇద్దరూ ఆగిపోయారు. ఆ పిల్ల ముందు డోనాటో గారి వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. మా నాన్న పోలీసు, ఉద్యోగంలో ఉండగా చనిపోయారు, అందుకే అంకుల్ నా ముందు ఎవర్నీ చంపడం లేదు, అంది. ఆ తర్వాత రావు గారి వైపు తిరిగింది.

"నాకు ఎప్పుడో తెలిసింది అంకుల్, మీరు నాకోసమే చేస్తున్నరని. పెట్టెల పెట్టి హాస్పిటల్‌కి తీస్కపోతున్నరంటే ఎంత నవ్విన్నో. ఫోన్ చేసి అమ్మకి చెప్పిన, అమ్మ గూడ నవ్వింది. మా నాన్న ఆఖరికి ఏమన్నడో ఎవ్వరికీ తెల్వదు అంకుల్. పక్కన ఎవ్వరు లేరు. అందుకే ఆ మొదటి రోజు మీ మాటలు వినలేకపోయిన. కానీ ఇప్పుడు పర్లేదు. నాకోసం మీరిద్దరు కొట్లాడుకోకండ్రి. చంపెయ్యుండ్రి."

రావు గారు నోరు తెరిచారు. కోడంబాకంలో వందలమందికి ప్రాణం పోసిన... కాదు, తీసిన గొంతు అది. ఒక్క శబ్దం రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఈలోగా తెర మీద పేర్లు పడుతున్నాయి. వాటి వెనకాల పానకాలరావు అలాగే వెల్లకిలా పడి ఉన్నాడు. డోనాటో గారు మెల్లగా వెళ్ళి టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అరిగిపోయిన మోకాళ్ళు. ఏళ్ళ తరబడి నేలకి టైల్ సమంగా పడిందో లేదో చూసిన చూపుతోనే, తెర మీదికి వంగి చాలాసేపు చూశారు.

"ఇక్కడికి రండి," అన్నారు.

"ఏవిటి?" అన్నారు రావు గారు.

"పొట్ట చూడు."

అందరం టీవీ చుట్టూ చేరాం. పేర్లు పైకి పాకుతున్నాయి. వాటి వెనక తోలు కోటు గుండీల మధ్య పానకాలరావు పొట్ట కొద్దిగా పైకి లేచింది. కాసేపటికి కిందికి దిగింది. మళ్ళీ లేచింది.

"ఊపిరి తీస్తున్నడు," అంది వర్ష.

"తీస్తున్నాడు," అన్నారు డోనాటో గారు, సాక్ష్యం చెబుతున్నంత గంభీరంగా. "ఇన్నేళ్ళు చూశాను ఈ సినిమా. ఏడుస్తూ కూర్చున్నానే గానీ పొట్ట వైపు చూడలేదు. రావు, నువ్వు చెప్పింది నిజమే. ఇతనికి ఏమీ కాలేదు."

ప్రణీత్ ఏదో అనబోయాడు. ఆంటీ వాడి నోట్లో బజ్జీ పెట్టింది.

"ఇంకోసారి వేయండి," అంది వర్ష ఇంగ్లీషులో. డోనాటో గారు క్యాసెట్టు వెనక్కి తిప్పారు. పానకాలరావు మళ్ళీ పడ్డాడు, పేర్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి రావు గారు కూడా వచ్చి ఆ పిల్ల పక్కన చతికిలబడ్డారు. తెర మీద పొట్ట లేచినప్పుడు ఆయన ఊపిరి పీల్చారు, దిగినప్పుడు వదిలారు. మాట లేదు, మూలుగు లేదు. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా వినిపించింది, ఒక్క క్షణం ముందుకీ వెనక్కీ పోలేదు. వర్ష కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

పేర్లు అయిపోయాయి. టీవీ నీలంగా మారింది. డోనాటో గారు క్యాసెట్టు బయటికి తీయబోతే, రావు గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఉండండి డోనాటో గారూ. వెనక్కి తిప్పండి. ఆయన్ని ఇంకాసేపు ఊపిరి పీల్చుకోనివ్వండి."